ముందు చక్రం ఎవరిది

లా రామాదా
1971 మార్చి 9

తుందామా లోయ సైకిల్ సంఘం కార్యదర్శి
క్లోదోమిరో చపార్రో గారికి,

నా పందెం లైసెన్సును ఏడాదిపాటు లాక్కున్నది మీరు. సంఘం లాక్కుంది అని రాయను. సంఘానికి చేతులుండవు. సంతకం పెట్టిన చెయ్యి మీది. నా మొదటి సైకిలు గొట్టం మీద మేకుతో గీకి పేరు రాసిచ్చిన చెయ్యి కూడా అదే కనక నేను పోల్చుకోగలను. "మామయ్యా" అని ఎందుకు మొదలుపెట్టలేదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మీ బల్ల మీదికి వచ్చిన కాగితంలో ఏం రాశారో నాకు తెలియదు. జరిగింది నేను రాస్తున్నాను. పందెం మూడో రోజున పరామో కొండ ఎక్కాం. పైన ఆ తుంపర ఎలా ఉంటుందో మీకు తెలుసు, వాన అనడానికీ లేదు, వదలడానికీ వదలదు. మన ఊరి జట్టు నాయకుడు అబ్దోన్ ముందు గుంపుతో శిఖరం దాటి దిగిపోయాడు. అతని వెనక కాస్త ఎడంగా నేను దిగుతున్నాను. శిలువ ఉన్న మలుపు దగ్గర, రోడ్డు పక్క కాలవలో ఒకడు కూర్చుని ఉన్నాడు. పడమటి జట్టు లిబార్దో. తోళ్ళ కార్ఖానాలో పనిచేస్తూ, ఆదివారాలు మాత్రమే సైకిలెక్కే కుర్రాడు. ముందు చక్రం నలిగిన రేకుడబ్బాలా ముడుచుకుపోయింది. మోకాలు చీరుకుపోయింది. ఏడవడం లేదు. చక్రం వంక చూస్తున్నాడు, అంతే. వాళ్ళ జట్టు లారీ జాడ లేదు.

"పో అన్నా. నీ మనిషి ముందున్నాడు," అన్నాడు.

"నాకు మనుషులందరూ ఒకటే," అని నా ముందు చక్రం ఊడదీసి ఇచ్చాను.

ఆ చక్రం మీద అతను కొండ దిగాడు, గుంపును అందుకున్నాడు, ఆఖరి రోజున పందెమే గెలిచాడు. మీరు రేడియోలో వినే ఉంటారు. తోళ్ళు శుభ్రం చేసే చేతులు గెలిచాయి, బీరు కంపెనీ జీతగాళ్ళు ఓడిపోయారు. ఇందులో నేరం ఎక్కడుందో నాకు చూపించండి.

చెప్పులు కుట్టే ఒంటికాలి బెలిసారియో కొట్లో కరపత్రాలు వస్తాయి. నేను ఒక్కటీ వదలను. "పనిముట్టు పనిచేసేవాడిది" అని ఒకదాంట్లో ఉంది. చక్రం పనిముట్టు కాదా? జట్టు అనే కంచె కట్టి, ఇటువైపు వాడు మనిషి, అటువైపు వాడు శత్రువు అని చెప్పింది ఎవరు? సైకిలు తొక్కేవాళ్ళం మాత్రం కాదు.

మీ ఫోటో ఇంకా మా వంటింటి గోడ మీదే ఉంది. 1956. మీ చక్రం మీ నాయకుడికి ఇచ్చేసి, ఒంటి చక్రం సైకిలు పట్టుకుని పరామో మీద నవ్వుతూ నిలబడ్డారు. తర్వాత మోకాలు పాడై పందేలు మానేశాక, ఈ ఊరి పిల్లలందరినీ పోగేసి, మెళ్ళో ఈల వేసుకుని, ఆ ఫోటో చూపించే మాకు శిక్షణ ఇచ్చారు. "కొండ మీద మనిషిని వదిలిపోయేవాడు కొండకి పనికిరాడు" అన్న మాట నాది కాదు. మీది.

శిక్ష రద్దు చేయించండి.

ఇట్లు,
సంఘం లెక్కలో ప్రస్తుతం ఎవరూ కాని
ఎవెలియో

•

బొగోటా
1971 మార్చి 22

శ్రీ ఎవెలియో గారికి,

మీ ఈ నెల 9వ తేదీ లేఖ అందినది. శిక్షపై అప్పీలు చేయదలచినచో, పాలకవర్గమును ఉద్దేశించి, రెండు ప్రతులలో, మీ క్లబ్బు అధ్యక్షుని ద్వారా పంపవలెను. బంధుత్వమును బట్టి కార్యదర్శికి వ్రాసిన లేఖలు అప్పీలుగా పరిగణింపబడవు.

క్లోదోమిరో చపార్రో
కార్యదర్శి

(చేత్తో) కొండ దిగేటప్పుడు జెర్సీ లోపల పాత పేపరు పెట్టుకో, మర్చిపోకు. మీ నాన్న ఊపిరితిత్తులే నీకూ వచ్చాయి. ఎర్సీలియాని అడిగానని చెప్పు.

•

లా రామాదా
1971 ఏప్రిల్ 4, మట్టల ఆదివారం

కార్యదర్శి గారికి,

మీ ముద్ర అందింది. ఎర్రగా, గుండ్రంగా, చాలా బాగుంది. కింద చేత్తో రాసిన ముక్కలు ఎవరు రాశారో తెలియలేదు. కార్యదర్శికి నా ఊపిరితిత్తులతో పనేమిటి?

అమ్మని అడిగానని చెప్పమన్నారు. చెప్పలేదు. ముద్ర వేసిన కాగితం అడుగున వచ్చే పలకరింపు ఆవిడకు అక్కర్లేదు. ఆవిడకి చదువు రాదని మీకు తెలుసు, నేను చదివి వినిపిస్తేనే ఉత్తరం. ఈ పూట మట్టలు పట్టుకుని ఊరేగింపుకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "బొగోటా నుంచి ఏమైనా వచ్చిందా రా?" అంది. లేదన్నాను.

క్లబ్బు అధ్యక్షుడు నిన్న సంతలో కనపడి అసలు సంగతి చెప్పాడు. పాలకవర్గం ఆరు నెలలు అందట. అందరూ సరే అన్నారట. అప్పుడు మీరు లేచి "ఏడాది" అన్నారట. ఆయన నవ్వుతూ చెప్పాడు. "మీ మామ నిప్పురా అబ్బాయ్, సొంత మేనల్లుణ్ణి కూడా వదల్లేదు" అని. చుట్టూ ఉన్న దుంపల బేరగాళ్ళు కూడా మెచ్చుకున్నారు. మీకు పేరొచ్చింది. అభినందనలు. బీరు కంపెనీ వాళ్ళు కూడా మెచ్చుకునే ఉంటారు. వాళ్ళ డబ్బుతోనే కదా మీ ఆఫీసు అద్దె గడిచేది.

నాతో ఎవరూ తొక్కడం లేదు. ఇది కూడా మీ ఉత్తర్వే అనుకుంటాను. పొద్దున్నే వంతెన దగ్గరికి వెళ్తే, ఇదివరకు రోజూ కలిసి బయల్దేరిన వాళ్ళే, నన్ను చూసి లేసులు కట్టుకోవడం మొదలుపెడతారు. నేను కదిలేదాకా ఆ లేసులు తెమలవు. నిన్న నేను ఆగి, "ఏం రా, నాకేమైనా అంటురోగమా?" అన్నాను. "నువ్వు పెద్ద మనిషివి, మేం మామూలు తొక్కుడుగాళ్ళం" అన్నాడొకడు. మిగతావాళ్ళు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఒంటరిగా తొక్కితే గాలి ఎంత బరువో ఇప్పుడే తెలిసింది. ముందు ఎవడి వీపూ ఉండదు. పరామో దాకా వెళ్తాను, శిలువ మలుపులో ఆగుతాను, మాట్లాడ్డానికి మనిషి లేక దున్నుతున్న ఎడ్లకి నమస్కారం పెట్టి వస్తాను.

మీరు నాకిచ్చిన మీ పాత జెర్సీ, ఛాతీ మీద ఊరి పేరు కుట్టింది, బస్సు కండక్టరుకి ఇచ్చి పంపుతున్నాను. నాకు వద్దు.

ఎవెలియో

•

బొగోటా
1971 ఏప్రిల్ 19

ఒరేయ్ ఎవెలియో,

జెర్సీ అందింది. ఉతికి పంపి ఉంటే ఇంకా బాగుండేది.

ఆఫీసు కాగితం మీద రాయడం లేదు, చూశావుగా. ఇది ఇంటావిడ దగ్గర అడిగి తీసుకున్న కాగితం, అందుకే వెనకాల ఆవిడ మనవడు వేసిన గుర్రం బొమ్మ ఉంది. గుర్రమే అని వాడంటున్నాడు.

ముందు, ఎవరినీ నీతో తొక్కవద్దని నేను చెప్పలేదు. అలా చెప్పే అధికారం ఏ కార్యదర్శికీ లేదు. మన వంతెన దగ్గర పిల్లలు నేను చెబితే వినే రకమూ కాదు. వాళ్ళంతట వాళ్ళే మానేశారు. ఎందుకు మానేశారో నువ్వు నన్ను అడుగుతున్నావు. అంటే నీకు నిజంగానే తెలియదన్న మాట. అది నాకు నీ తిట్లకన్నా ఎక్కువ కష్టంగా ఉంది.

ఏడాది అన్నది నేనే. నిజం. దాచను. పేరు కోసం కాదు, బీరు కోసం అంతకన్నా కాదు. నీ రెండు ఉత్తరాలూ మళ్ళీ చదువు. నువ్వు దగ్గర పెట్టుకోవు కనక నేనే చెబుతాను. లిబార్దో మోకాలు ఉంది, లిబార్దో చేతులు ఉన్నాయి, నా ఫోటో ఉంది, నీ కరపత్రం ఉంది. అబ్దోన్ సంగతి ఎక్కడుంది? "ముందు గుంపుతో దిగిపోయాడు" అని ఒక్క ముక్క రాశావు. దిగిపోయాక ఏమయ్యాడో ఎవర్నైనా అడిగావా?

నేను ఆ రోజు పందెం అధికారుల కారులో ఉన్నాను. మీ జట్టు లారీ ఎక్కుడులోనే మరిగిపోయి ఆగింది. కాబట్టి ఆ దిగుడులో అబ్దోన్‌కి మిగిలిన ఒకే ఒక్క చక్రం నీ సైకిలుకి ఉన్నది. కింద సున్నపు బట్టీల దగ్గర గుంటలో పడి అతని ముందు చక్రం విరిగింది. పడలేదు, ఎలాగో నిలబడ్డాడు. రోడ్డు పక్కకి వచ్చి, పైకి చూస్తూ నిలుచున్నాడు. మా కారు ఆగింది. "ఎవెలియో వస్తాడు దోన్ క్లోదో, వెనకాలే ఉన్నాడు" అన్నాడు. నేను ఏమీ ఇవ్వకూడదు, ఇవ్వలేదు. కారు కదిలింది. వెనక అద్దంలో చూశాను. పైకే చూస్తున్నాడు. తర్వాత లిబార్దో అతని పక్కనుంచే దూసుకుపోయాడట, నీ చక్రం మీద. ఆ చక్రాన్ని అబ్దోన్ గుర్తుపట్టాడో లేదో నేను అడగలేదు.

దేశమంతా తిరిగే పెద్ద పందానికి లోయ తరఫున ఒక్క చోటు ఉంది. ఆ రోజు దాకా అది అబ్దోన్‌ది. ఇప్పుడు అతను ఇటుకల బట్టీలో మట్టి తొక్కుతున్నాడు.

ఇక ఆ ఫోటో. ఫోటోగ్రాఫరు నవ్వమన్నాడు, నవ్వాను. వాడు కారెక్కి వెళ్ళిపోయాక ఏం జరిగిందో ఫోటోలో ఉండదు. నన్ను ఎక్కించుకోవలసిన బండి నన్ను మరిచిపోయింది. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను. సైకిలు భుజాన వేసుకుని దిగాను. దుంపలు తవ్వుకునే ఒకామె గుడిసెలో వేడి బెల్లం నీళ్ళు, జున్ను ముక్క పెట్టింది. "ఏం నాయనా, ఎవరైనా పోయారా?" అని అడిగింది నా మొహం చూసి. ఊళ్ళోకి వచ్చేసరికి బ్యాండు మేళం అయిపోయి కుర్చీలు సర్దుతున్నారు. మా నాయకుడు గెలిచాడు. అతను మంచివాడే. నా పేరు మాత్రం ఎప్పుడూ తప్పే పిలిచేవాడు. నేను అందరికీ ఆ ఫోటో చూపించి గొప్ప పాఠం చెప్పాను. ఆ సాయంత్రం సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మీలో ఎవడూ సైకిలు ఎక్కడని భయం.

ఇక్కడ నాకు పనేమీ కష్టం కాదు. ఆరుగురు పెద్దమనుషులు మాట్లాడతారు, నేను రాస్తాను. ఆదివారాలు ఆఫీసు ఉండదు. అప్పుడు బస్సుల అడ్డాకి వెళ్తాను. సోగమోసో బస్సు వచ్చే చోట ఒక బల్ల ఉంది. దిగేవాళ్ళు మన యాసలో మూటల గురించి పోట్లాడుకుంటుంటే విని, కాఫీ తాగి వచ్చేస్తాను. ఒకసారి నన్ను కూలీ అనుకుని ఒకాయన మూట ఎత్తమన్నాడు. ఎత్తాను.

ఎర్సీలియా కోపంగా ఉందని అర్థమైంది. మూడు నెలలుగా ఒక్క కబురూ లేదు. ఆమెది న్యాయమే. ఏమీ చెప్పకు.

మీ మామయ్య
క్లోదోమిరో

•

లా రామాదా
1971 మే 2

మామయ్యా,

మీ ఉత్తరం చదివి వారం పైగా జేబులో పెట్టుకు తిరిగాను. జవాబు తెలియక కాదు. జవాబు రాయాలంటే ముందు బట్టీకి వెళ్ళాలి. పరామో మూడుసార్లు ఎక్కాను గానీ ఊరవతల బట్టీకి వెళ్ళలేకపోయాను.

చివరికి మేడే రోజున వెళ్ళాను. ఉపన్యాసం ఒకటి సిద్ధం చేసుకున్నాను. అబ్దోన్ పంట్లాము పైకి మడిచి, గాడిద వెనకాల గుండ్రంగా తిరుగుతూ మట్టి తొక్కుతున్నాడు. నన్ను చూసి ఆగలేదు. గాడిద కూడా ఆగలేదు.

"వచ్చారా మహాదాత గారు. ఇవాళ ఏం పంచుతున్నారు?" అన్నాడు.

"ఇవాళ శ్రామికుల దినం. నువ్వు పని చేయకూడదు."

"గాడిదకి చెప్పు. దానికి చదువు రాదు."

నేనూ బూట్లు విప్పి మట్టిలోకి దిగాను. తిరుగుతూ మాట్లాడితే మొహాలు చూసుకోనక్కర్లేదు. నేను నా ఉపన్యాసం మొదలుపెట్టాను. లిబార్దో కాలవలో కూర్చున్న తీరు, రక్తం, తుంపర, అన్నీ చెప్పాను. అబ్దోన్ మొత్తం విన్నాడు.

"లిబార్దోకి చక్రం ఇచ్చావు. వాడు పడ్డాడు, ఇచ్చావు. బాగానే ఉంది. వాడి మీద నాకేం కోపం లేదు. కానీ నువ్విచ్చింది నీది కాదురా. నాది."

నేను పనిముట్టు గురించి ఏదో అనబోయాను.

"ఆగు. నీ చక్రం ఇచ్చి నువ్వేం పోగొట్టుకున్నావ్? మొత్తం లెక్కలో నువ్వెలాగూ నలభయ్యో చోటులో ఉన్నావ్. పోయింది నాకు. ఎవడి సొమ్ముతోనో వాడు దానం చేస్తే దానికేం పేరు పెడతారు మీ బెలిసారియో కొట్లో?"

ఇలాంటిదానికి ఏ కరపత్రంలోనూ జవాబు లేదు మామయ్యా. నేను చదివినవాటిల్లో దొర ఉంటాడు, కూలీ ఉంటాడు. ఇక్కడ ఇద్దరూ కూలీలే. ఇద్దరికీ చక్రం కావాలి. నా దగ్గర ఒకటే ఉంది.

చీకటి పడేదాకా మట్టి తొక్కాం. వచ్చేసేముందు, "గుర్తుపట్టావా, లిబార్దో వెళ్తున్నప్పుడు?" అని అడిగాను. మీరు అడగలేదన్నారుగా. "గుర్తుపట్టాను. నువ్వు చచ్చిపోయావనుకున్నాను. కాసేపు చక్రం సంగతే మర్చిపోయాను" అన్నాడు.

అప్పటినుంచి ఒకటే ఆలోచన. చక్రాలు జట్టుకో లారీలో ఎందుకుండాలి? అందరి వెనకాలా ఒకటే లారీ, అందులో అందరి చక్రాలూ. ఎవడు పడితే వాడికి. అప్పుడు ఎవడూ ఎవడి వాటానూ ఇంకొకడికి ఇవ్వక్కర్లేదు, పరామో మీద ఒంటి చక్రంతో ఎవడూ చీకటిదాకా నిలబడక్కర్లేదు. మీ పాలకవర్గానికి చెప్పండి. రెండు ప్రతులు కావాలంటే రెండూ నేనే రాస్తాను.

ఇక్కడిదాకా రాశాక అమ్మ వచ్చి నిలబడింది. బస్సు కండక్టరు చెప్పేశాడు, మీ దగ్గర్నుంచి ఉత్తరాలు వస్తున్నాయని. నేను చెవి మెలి తినే వయసు దాటాననుకున్నాను. దాటలేదు. మీవి రెండూ చదివించుకుంది, ముద్రతో సహా. ఇక కింద రాసేది ఆవిడ చెప్పింది, చెప్పినట్టే:

"అన్నయ్యా, నాకేం కోపం లేదు. ఈ వెధవ చెప్పలేదు. రాశావా రా అది? వెధవ అని రాయి. బొగోటాలో నీకు ఎవరు వండిపెడుతున్నారు? కూలీ పని చేస్తున్నావా? కండక్టరు అన్నాడు మూటలు మోస్తున్నావని. నీ మోకాలు సంగతి మర్చిపోయావా? జెర్సీ వీడు తిప్పి పంపిన సంగతి నాకు తెలియదు. నేనైతే ఉతికి పంపేదాన్ని. ఆ ఫోటో గోడ మీద ఉంది, పొగ పట్టకుండా నెలకోసారి తుడుస్తాను. ఆ రాత్రి నువ్వు ఇంటికి ఎంత ఆలస్యంగా వచ్చావో, నీ గొంతు ఎలా ఉందో, తలుపు తీసింది నేనే కదా. నువ్వు చెప్పకపోతే నాకు తెలియదా. ఇక చాలు, కాగితం అయిపోతుందంటున్నాడు. వీడికి అన్నీ పొదుపే, మాటలు తప్ప."

ఆ రాత్రి సంగతి ఎవరికీ చెప్పలేదని మీరు రాశారు. ఆవిడకి పదిహేనేళ్ళుగా తెలుసు.

ఎవెలియో

•

బొగోటా
1971 మే 24

ఎవెలియోకి,

ముందు ఎర్సీలియాకి చదివి వినిపించు: అమ్మాయ్, మోసింది ఒక్క మూటే, అదీ చిన్నది. వంట ఇంటావిడే చేస్తుంది. ఉప్పు తక్కువ, తక్కినదంతా పర్వాలేదు. తలుపు తీశావని గుర్తుంది. ఏమీ అడక్కుండా నా బూట్లు విప్పావు. అది కూడా గుర్తుంది.

ఇక నీకు. నీ ఉమ్మడి లారీ సంగతి సభలో పెట్టాను. నేను బాగా మాట్లాడేవాణ్ణి కాదు. రాసేవాణ్ణి. కాగితం మీద చక్కగా ఉన్నది నోట్లోకి వచ్చేసరికి నలిగిపోయింది. "దోన్ క్లోదో, చక్రాలు ఉమ్మడి అయ్యాక సూపు గిన్నె కూడా ఉమ్మడేనా?" అన్నాడు సంఘం అధ్యక్షుడు. ఆరుగురూ నవ్వారు. "పెళ్ళాలు?" అన్నాడు ఇంకొకాయన. మళ్ళీ నవ్వారు. బీరు కంపెనీ మనిషి నవ్వలేదు. ప్రతి జట్టు లారీ మీదా తన బోర్డు ఉందనీ, లారీలు తగ్గితే బోర్డులు తగ్గుతాయనీ మర్యాదగా చెప్పాడు. అంతటితో అయిపోయింది. కార్యదర్శికి ఓటు లేదు. నేను ఓడిపోయానన్న సంగతి నేనే వివరంగా రాసి, చదివి వినిపించి, కింద సంతకం పెట్టాను.

నీ కొత్త ఆలోచన ఇక్కడిదాకా వచ్చింది. సంఘం అనుమతి లేకుండా సాన్ పెద్రో పండుగ నాడు పందెం పెడతావని మీ క్లబ్బు అధ్యక్షుడు ఫోను చేసి చెప్పాడు. సంఘం అధ్యక్షుడు నన్ను పిలిచి, అందులో తొక్కిన లైసెన్సుదారు ఎవడైనా సరే, లైసెన్సు శాశ్వతంగా రద్దు అన్నాడు. ఉత్తర్వు నేనే తయారు చేశాను. కాబట్టి ముందే చెబుతున్నాను: వంతెన దగ్గర పిల్లల పేర్లు నా బల్ల మీదికి వస్తే నేను సంతకం పెడతాను. అబ్దోన్ పేరు వచ్చినా పెడతాను. వచ్చే ఏడు ఆ చోటు మళ్ళీ అతనికి రావచ్చు. అది నీ చేతిలో ఉన్న వస్తువు కాదు.

నాచేత అలాంటి సంతకం పెట్టించకు. బతిమాలుతున్నాననే అనుకో.

ఇక్కడ ఇవాళంతా వాన. గోడవతల ఎవరో రేడియోలో ఇటలీ పందెం వార్తలు వింటున్నారు. మన కొండల పేర్లు ఉండవు అందులో. అయినా గోడకి చెవి ఆనించి కూర్చున్నాను.

మామయ్య

•

లా రామాదా
1971 జూన్ 13

మామయ్యా,

మీ ఉత్తరం చదివి కోపం రాలేదు. నాకే వింతగా ఉంది. అమ్మ నుదురు పట్టుకు చూసింది.

మీరు రాసిన ఉత్తర్వు సంగతి వంతెన దగ్గరికి వెళ్ళి, వాళ్ళు లేసులు కట్టుకుంటుండగానే, నిలబడి చదివాను. "తొక్కితే లైసెన్సు పోతుంది. శాశ్వతంగా. సంతకం పెట్టేది మా మామయ్యే, పెడతాడు కూడా" అన్నాను. "ఎవరికి పోగొట్టుకునేది ఉందో వాళ్ళు రావద్దు. నేను చెడ్డగా అనుకోను" అన్నాను. ఇలాంటి పిలుపు ఏ కరపత్రంలోనూ చదవలేదు. ఎవరూ వస్తామనలేదు. ఒకడు మాత్రం, "చెప్పి మంచిపని చేశావ్" అన్నాడు. ఆ రోజు వెళ్ళేటప్పుడు వాళ్ళ వెనకాలే కాస్త దూరం తొక్కాను. ఎవరూ పొమ్మనలేదు. మలుపు దాకా ఒకడి వీపు చాటున వెళ్ళాను. గాలి ఆగిపోయినట్టే ఉంది.

అబ్దోన్‌కి విడిగా చెప్పాను. తొక్కవద్దని కూడా చెప్పాను. అతను గాడిద మెడ గోకాడు. "తొక్కను. వచ్చే ఏడు నాకు కావాలి" అన్నాడు. తర్వాత, "మీ మామ రాసిన దాంట్లో వెనకాల చక్రాలేసుకుని ఇటుకల లారీ నడిపేవాడి గురించి ఏమైనా ఉందా?" అని అడిగాడు. మళ్ళీ చదివి చూశాను. లేదు. మీరు శ్రద్ధగా రాసే మనిషి కనక పొరపాటున వదిలేశారనుకోను. వదిలేశారో, మరిచారో, నేను అడగను.

కాబట్టి లైసెన్సు లేనివాళ్ళనే పిలిచాను. అసలు ఎప్పుడూ ఎవరూ లైసెన్సు ఇవ్వనివాళ్ళు. వాళ్ళ దగ్గర మీ సంఘం లాక్కోవడానికి ఏమీ లేదు. పాలు పోసే రెబేకా వస్తోంది, ఆడపిల్లకి లైసెన్సు ఇవ్వరు కదా, ఆవిడ పొద్దున్నే రెండు క్యాన్లతో ఎక్కే ఎక్కుడు మీ పెద్ద పందెంవాళ్ళు ఎక్కలేరు. టపా మనిషి వస్తున్నాడు. బట్టీ కుర్రాళ్ళు నలుగురు, బరువు సైకిళ్ళతో. బెలిసారియో ఒంటికాలితోనే తొక్కుతానంటున్నాడు, పరామో దాకా కాదు గానీ వంతెన దాకా. లిబార్దోకి కూడా రాశాను, రావద్దని, లైసెన్సు పోతుందని. చక్రం ఒకటి బస్సులో పంపాడు. నాదే.

పందెం మొదలుపెట్టడానికి ఒక మనిషి కావాలి. ఎవరు ముందొచ్చారో చూసి చెప్పేవాడు, తగువు వస్తే తీర్చేవాడు, ఆఖరి మనిషి దిగేదాకా కొండ మీదే ఉండేవాడు. ఆ ఆఖరి పని ఇక్కడ ఎవరికీ అప్పగించలేకపోయాను. ఎవరిని అడిగినా చీకటి పడుతుందంటున్నారు.

మామయ్యా, వస్తే మీ పదవి పోతుంది. ఈసారి ముందే చెబుతున్నాను. ఆ గది, ఆ జీతం, ఆ ఎర్ర ముద్ర, అన్నీ పోవచ్చు. అవి మీవి. ఇవ్వాలో వద్దో మీరే చూసుకోవాలి. మీరు రాకపోయినా నేను మీకు ఉత్తరాలు రాయడం మాననని కూడా రాస్తున్నాను. అమ్మ ఒక్క మాట చేర్చమంది: ఉప్పు సరిగ్గా వేస్తానని చెప్పు, అని.

ఈ ఉత్తరం మీకే. అయినా దీన్ని కాపీ చేసి చర్చి తలుపుకీ, బట్టీ గోడకీ, బెలిసారియో కొట్టుకీ అతికిస్తున్నాను, పైన ఉన్న సొంత సంగతులు తీసేసి. కింది ముక్క అందరికీ, మీకూ ఒకటే:

లైసెన్సు ఉన్నవాళ్ళు రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టండి, దానికి శిక్ష లేదు. లేనివాళ్ళు, ఎలాంటి సైకిలైనా, ఎంత తుప్పు పట్టినదైనా తీసుకుని రండి. చక్రం అదనంగా ఉంటే ఇటుకల లారీలో వెయ్యండి. వేసేముందు ఇంట్లోవాళ్ళని అడగండి. జూన్ 29, సాన్ పెద్రో పండుగ, మంగళవారం. లా రామాదా చర్చి ముందు. పొద్దున ఆరు గంటలకు బయల్దేరతాం.